అమ్మ అడిగింది కాళ్ళ మంటలు, ఫోన్ చూపించింది మెట్టెలు

లాలాపేట కుర్రాడు:
మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీస్తుంది. అరికాళ్ళు మండుతుంటే కాయల ఘాటేమో అనుకుని రెండు నెలలు కొబ్బరినూనె రాసుకుంది. ఒకరోజు నా ఫోన్ తీసుకుని మైకులో "కాళ్ళ మంటలు" అంది. వెండి మెట్టెల డిజైన్లు వచ్చాయి! రెండోసారి మెంతినీళ్ళ వీడియో. అది చూసి షుగర్ బిళ్ళలు మానేసింది. మొన్న రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 9.2. అంతా ఇంగ్లీషే. మీ ఇళ్ళల్లో ఇవి ఎవరు చదివి చెప్తారు?

సూర్యారావుపేట అక్క:
అది మూడు నెలల షుగర్ సగటు తమ్ముడూ, 6.5 నుంచే షుగర్ జబ్బు కింద లెక్క. ఆలస్యం చేయకు. మా అత్తగారికీ ఇవే మంటలు. ఆడపడుచు డాలస్‌లో నర్సు. రిపోర్ట్ వాట్సాప్‌లో పెడితే కాఫీ తాగేలోపు జవాబు: "డయాబెటిక్ న్యూరోపతి, అంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు వదినా, పాదాలు రోజూ చూడు, ఒట్టి కాళ్ళతో తిరగనివ్వకు." ఆ పేరు తెలిశాకే నాకూ నెట్‌లో పనికొచ్చేవి దొరికాయి.

ఆటోనగర్ మెకానిక్:
అదే కదండీ. మాకు డాలస్‌లో ఎవరున్నారు? మెడికల్ షాపాయనే మా గూగుల్.

పటమట మాస్టారు:
ఇంగ్లీషు వచ్చినా సుఖం లేదు. తలనొప్పని మొదలుపెట్టి తెల్లారేసరికి బ్రెయిన్ ట్యూమర్ దాకా చదివాను.

ఆటోనగర్ మెకానిక్:
పొద్దున్నే స్పెషలిస్టు దగ్గరికెళ్ళి టెన్షన్ దించుకుని ఉంటారు మాస్టారూ. నేను షెడ్డు మూస్తే ఆ రోజు కూలి లేదు.

పటమట మాస్టారు:
నిజమే. స్కాన్ కూడా తీయించుకున్నాను.

సింగ్‌నగర్ ఏఎన్ఎం:
ప్రభుత్వ ఈ-సంజీవని యాప్‌లో డాక్టర్‌తో వీడియోలో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. ఓటీపీ దగ్గరే చిక్కు. చూపించుకోవాల్సినావిడ నా ముందు కూర్చుని ఉంటుంది, ఓటీపీ ఏమో ఆటో తోలుతున్న భర్త జేబులోకి వెళ్తుంది. ఇక తెల్లబట్ట, నెలసరి సంగతులైతే ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్లో వెతకడానికే భయం, కొడుకు చూస్తాడని. బాబూ, అమ్మని అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళు. రిపోర్టుతో పాటు పాత బిళ్ళల అట్ట కూడా పట్టుకెళ్ళు.

లాలాపేట కుర్రాడు:
వెళ్ళొచ్చామండీ. బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయి. డాక్టరమ్మ సన్నటి దారంలాంటిది పాదానికి ఆనించి చూశారు. ఎడమ బొటనవేలి దగ్గర అమ్మకి తెలియనే లేదు. పనిలో కూడా చెప్పులు వేసుకోమన్నారు, మేస్త్రితో మాట్లాడాలి. మెట్టెల యాడ్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.