చెనక్కాయ పొట్టుతో నీళ్లలోని క్రోమియం పోవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అనంతపురం అమ్మాయి: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. మా ఊరి మిల్లులో పొట్టు ఊరికే ఇస్తారని దాన్నే ప్రాజెక్టుకు తీసుకున్నాను. కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టి జల్లించాను. పొటాషియం డైక్రోమేట్‌తో లీటరుకు 50 మిల్లీగ్రాముల క్రోమియం ద్రావణం చేసి, 100 మి.లీ.కి గ్రాము పొడి వేసి రెండు గంటలు షేకర్‌లో పెట్టాను. పసుపు పోలేదు సరికదా, నీళ్లు టీ డికాక్షన్‌లా అయ్యాయి. సీసం మాత్రం పీహెచ్ 8 దగ్గర 98 శాతం పోయింది. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

పాత ల్యాబ్ మనిషి: క్రోమియానికి పీహెచ్ ఎంత పెట్టావు చెల్లీ?

అనంతపురం అమ్మాయి: ఏమీ మార్చలేదన్నా. కాగితం పెట్టి చూస్తే 5కి కాస్త పైన ఉంది.

పాత ల్యాబ్ మనిషి: అదీ సంగతి. సీసం, రాగి నీళ్లలో పాజిటివ్ చార్జితో ఉంటాయి. పీహెచ్ 5 దగ్గర పొట్టులోని కార్బాక్సిల్ అనే ఆమ్ల గ్రూపులు నెగటివ్‌గా ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుంటాయి. డైక్రోమేట్‌లోని హెక్సావాలెంట్ క్రోమియం (విషం ఎక్కువుండే రూపం) తానే నెగటివ్, పొట్టు దాన్ని దగ్గరికి రానివ్వదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేసి పీహెచ్ 2కి దించు, పసుపు తగ్గడం కంటికే తెలుస్తుంది.

అప్పుడే సంబరపడకు. అంత ఆమ్లంలో పొట్టు ఆ క్రోమియాన్ని విషం తక్కువుండే ట్రైవాలెంట్‌గా మార్చేస్తుంది, అందులో కొంత నీళ్లలోనే ఉండిపోతుంది. హెక్సావాలెంట్ ఉంటేనే రంగిచ్చే డైఫినైల్ కార్బజైడ్ వేసి 540 నానోమీటర్ల దగ్గర చూస్తే ఊదా రంగు రాదు, అంతా పోయిందనుకుంటాం. రెండు రూపాలూ కలిపి మొత్తం క్రోమియాన్ని, లోహాలు కొలిచే యంత్రం ఏఏఎస్‌లో చూపించు. నా వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే, నీళ్లు నమిలాను.

ఇక సీసం. పీహెచ్ 8లో అది హైడ్రాక్సైడ్‌గా తనంతట తానే విరిగి అడుక్కి దిగుతుంది. నీ 98 శాతం పొట్టు పనో కాదో తేలాలంటే పొట్టు వేయని ఫ్లాస్కు ఒకటి పక్కన పెట్టి చూడు. డికాక్షన్ రంగు టానిన్లది, రంగు ఆగేదాకా వేడినీళ్లతో కడుగుతూనే ఉండు.

బోరు నీళ్లాయన: మా బోరు నీళ్లలో సీసం ఉందేమోనని అనుమానం. బిందెలో కాస్త పొట్టు వేసుకుంటే చాలా? 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్‌లో ఊక బూడిదే వాడారు కదా!

పాత ల్యాబ్ మనిషి: వద్దండీ. అందులో బూడిదకు వెండి నానో కణాలు పట్టించారు, అది క్రిముల కోసం. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. లీటరుకు 50 మిల్లీగ్రాముల సీసం ఉండి అందులో 98 శాతం పోయినా ఇంకా 1 మిల్లీగ్రాము మిగులుతుంది, అంటే పరిమితికి వంద రెట్లు. ముందు నీళ్లు ల్యాబ్‌కు పంపండి. కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు సీసాన్ని విడిగా చూపించదు.

ప్లేటింగ్ షాపాయన: ఒక మాట. వాడేసిన పొట్టును పొయ్యిలో వేయకండి. కాలితే ట్రైవాలెంట్ క్రోమియం బూడిదలో కొంత మళ్లీ హెక్సావాలెంట్ కావచ్చు. మేం మా బురదను ప్రమాదకర వ్యర్థం కింద సంచులు కట్టి హైదరాబాద్ దగ్గరి దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి పంపుతాం. లోడు ఖర్చు మాకు బాగానే తగులుతుంది, పొట్టు ఊరికే వచ్చిందనుకునేవాళ్లు ఆ లెక్క వేసుకోరు.

అనంతపురం అమ్మాయి: అన్నా, పీహెచ్ 2లో పసుపు బాగా తగ్గింది. మొత్తం క్రోమియం శాంపిల్ ఏఏఎస్‌కి ఇచ్చాను. సీసం ఫ్లాస్కు మాత్రం నా పరువు తీసింది. పొట్టు వేయకుండానే అడుగున తెల్లగా పేరుకుంది.