రైబోసోమల్ ప్రోటీన్ మ్యుటెంట్‌లో ఆకు మొనదేలింది. ఇది ఆక్సిన్ లోపమేనా?

ప్రశ్న:
నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. ల్యాబుల్లో వాడే చిన్న మొక్క అరాబిడాప్సిస్‌లో, రైబోసోమ్‌లోని ఒక ప్రోటీన్‌కు చెందిన ఆర్‌పీఎల్24బీ జీన్ దెబ్బతిన్న లైను (మ్యుటెంట్) పెంచుతున్నాను. గుండ్రంగా రావాల్సిన మొదటి ఆకులు సన్నగా మొనదేలుతున్నాయి, కాయలు కురచగా ఉన్నాయి. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్ లేకుండా ఏ కణమూ ఎదగదు కదా, మరి మొక్కంతా ఒకేలా గిడసబారకుండా ఆకు, కాయ మాత్రమే ఎందుకు మారాయి? ల్యాబ్ మీటింగులో "ఆక్సిన్ (ఎదుగుదలను నడిపే మొక్క హార్మోన్) లోపం" అన్నాను. రుజువేదని అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు 1:
ముందు ఆకు సంగతి. మొనదేలిన ఆకును ఆక్సిన్‌కు సాక్ష్యంగా చూపకండి. 1994లో మరో రైబోసోమల్ ప్రోటీన్ జీన్ ఆర్‌పీఎస్18ఏ దెబ్బతిన్న మ్యుటెంట్‌లోనూ ఇదే ఆకు కనిపించింది, ఆ తర్వాత చాలా రైబోసోమల్ ప్రోటీన్ మ్యుటెంట్లలో కనిపించింది. అరాబిడాప్సిస్‌లో ఈ ప్రోటీన్లు 80 రకాలు, వాటికి జీన్లు దాదాపు 250. ఒక జీన్ పోతే అదే రకం ప్రోటీన్ చేసే దాని తోబుట్టువు జీన్ కొంత భారం మోస్తుంది, కాబట్టి కణాలు వేగంగా విభజన చెందే చోటే కొరత బయటపడుతుంది. తోబుట్టువు ఆ పని అందుకోలేకపోతే పిండమే బతకదు. ఆర్‌పీఎస్5ఏ జీన్ రెండు ప్రతులూ పోయినప్పుడు జరిగేది అదే.

మీ కాయ కథ వేరు, అక్కడే అసలు ఆసక్తి ఉంది. మొక్క ఆక్సిన్‌కు స్పందించేలా చేసే ఈటీటీ, ఎంపీ జీన్ల ఎంఆర్‌ఎన్‌ఏలో (రైబోసోమ్ చదివే జీన్ నకలు) అసలు ఓఆర్‌ఎఫ్‌కు, అంటే ప్రోటీన్‌గా మారే భాగానికి ముందే అలాంటి బుల్లి భాగాలు, యూఓఆర్‌ఎఫ్‌లు, ఉంటాయి. రైబోసోమ్ వాటిని చదివి ఆగి, మళ్లీ మొదలుపెట్టగలిగితేనే అసలు ప్రోటీన్ తయారవుతుంది. ఆ మళ్లీ మొదలుపెట్టడంలో ఆర్‌పీఎల్24బీకి పాత్ర ఉంది. 2005లో యూఓఆర్‌ఎఫ్‌లు తీసేసిన ఈటీటీని ఈ మ్యుటెంట్‌లో పెడితే కాయగా మారే అండకోశం కొంతవరకు సరైంది. కొంతవరకే, పూర్తిగా కాదు. ఆ తేడాను థీసిస్‌లో దాచకండి.

మీరు చేయాల్సింది: ఈటీటీ ముందుభాగాన్ని వెలుగునిచ్చే ప్రోటీన్ లూసిఫరేజ్ జీన్‌కు తగిలించి, యూఓఆర్‌ఎఫ్ ఉన్నదీ లేనిదీ రెండూ మ్యుటెంట్, మామూలు మొక్కల ప్రోటోప్లాస్టుల్లో (గోడ తీసేసిన కణాల్లో) పోల్చండి. ఎంఆర్‌ఎన్‌ఏ మోతాదు కూడా కొలవాలి. యూఓఆర్‌ఎఫ్ ఉన్నప్పుడే మ్యుటెంట్‌లో వెలుగు బాగా పడిపోతే ఆక్సిన్ స్పందన దెబ్బతిందన్న మాట నిలబడుతుంది. రెండింటిలోనూ ఒకేలా తగ్గితే అది మొత్తం ప్రోటీన్ తయారీ కొరత.

జవాబు 2:
విత్తిన రోజులు లెక్కపెట్టి పోల్చకండి, ఈ మొక్కలు ఆలస్యంగా ఎదుగుతాయి. ఎన్నో ఆకు అన్నది చూసి పోల్చండి. వీలైతే ఏఎన్‌ఏసీ082 మ్యుటెంట్‌తో క్రాస్ చేయండి. రైబోసోమ్ తయారీ కుంటుపడిందని గుర్తించి ఎదుగుదలను మార్చే జీన్ అది. దాన్ని తీసేస్తే ఆకు మామూలుగా వస్తే, ఆకారం మారింది కొరత వల్ల కాదు, ఆ స్పందన వల్లే.

జవాబు 3:
వరి వాళ్లకు ఒక మాట. హైదరాబాద్ విశ్వవిద్యాలయం బృందం 2016లో సాంబ మసూరిలో ఆర్‌పీఎల్6, ఆర్‌పీఎల్23ఏ జీన్ల పని పెంచిన మొక్కల్లో నీటిని వాడుకునే సామర్థ్యం మెరుగుపడిందని చూపింది. తగ్గిస్తేనే కాదు, పెంచినా మొక్క మారుతుంది.

ప్రశ్నించినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇప్పటికే డీఆర్5 రిపోర్టర్ (ఆక్సిన్ స్పందన ఉన్నచోట వెలిగే జీన్) ఉన్న మొక్కతో క్రాస్ చేశాను, ఎఫ్2 (రెండో తరం) మొలకలు ఉన్నాయి. పారేయాలా?

జవాబు 1:
వద్దు, ఉంచండి. కానీ అందులో వెలుగు తగ్గడం ఒక్కటే చూసి తేల్చకండి, ఆ రిపోర్టర్ కూడా రైబోసోమ్ తయారుచేసే ప్రోటీనే. దాని ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచి, ఆక్సిన్ వేశాక అది ఎన్ని రెట్లు పెరుగుతుందో మామూలు మొలకలతో పోల్చండి.