రీస్టోర్‌కి రాత్రంతా పడతంది, అయ్యాక రిపోర్టులు కూడా స్లో... ఏటి చెయ్యాలి?

పలాస_జీడిపిక్క:
అందరికీ నమస్తే. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి స్టాకు, బిల్లింగు డేటాబేస్ నేనే చూస్తన్నాను. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 14, డేటా ఓ 60 జీబీ ఉంటాది, ర్యామ్ 16, డిస్కు పాత హార్డ్ డిస్కే. బ్యాకప్ రోజూ తీస్తాం గానీ తిరిగి ఎక్కించి ఎప్పుడూ చూళ్ళేదు, మొన్న వేరే మెషీన్ మీద టెస్టుకని పెడితే రాత్రి తొమ్మిదికి మొదలైంది తెల్లారి ఏడైనా అవ్వలేదు, టేబుళ్ళు బాగానే ఎక్కీసాయి, ఇండెక్సుల (డేటా తొందరగా వెతకడానికి కట్టే సూచికలు) దగ్గరకొచ్చి అలాగ ఉండిపోయింది. చివరికి అయ్యింది కదాని రిపోర్టు తీస్తే రెండు సెకన్లలో వచ్చేది పది నిమిషాలైనా రాలేదు. 2018లో తిత్లీ తుపాను ఇక్కడే పలాస దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు పోయిన లెక్కలు కొన్ని మాకు మళ్ళీ దొరకలేదు, అందుకే నాకు దిగులు.

రాజాం_డీబీఏ:
డంపు (బ్యాకప్ ఫైలు) ఏ ఫార్మాట్లో తీస్తున్నారండీ? ప్రాసెసర్ కోర్లు ఎన్ని?

పలాస_జీడిపిక్క:
ప్లెయిన్ ఎస్‌క్యూఎల్ అండి, ఆదేశాలన్నీ ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు, జిప్ చేసి పెడతన్నాం. నాలుగు కోర్లు.

రాజాం_డీబీఏ:
అదీ సంగతి. ప్లెయిన్ ఫైలు ఒక్క కనెక్షన్ మీదే వరసగా నడుస్తాది, మిగతా మూడు కోర్లూ ఖాళీగా కూర్చుంటాయి. బ్యాకప్ తీసే పీజీ డంప్‌లో డైరెక్టరీ ఫార్మాట్ పెట్టి తియ్యండి, అప్పుడు తిరిగి ఎక్కించే పీజీ రీస్టోర్‌కి జాబ్స్ ఆప్షన్ (ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పేది) పనిచేస్తాది, ఇండెక్సులు రెండేసి మూడేసి ఒకేసారి కడతాది. హార్డ్ డిస్కు కాబట్టి 2తో మొదలెట్టండి. ఇంకోటి, మెయింటెనెన్స్ వర్క్ మెమ్ (ఇండెక్స్ కట్టడంలాంటి పనులకిచ్చే మెమరీ సెట్టింగు) మార్చకపోతే 64 ఎంబీయే ఉంటాది, పెద్ద టేబుల్‌కి ఇండెక్స్ కట్టాలంటే అది చాలక సార్టింగంతా డిస్కు మీదకి పోతాది, 1 జీబీ చెయ్యండి, కాకపోతే ఒక్కో జాబూ విడివిడిగా వాడుకుంటాది, ర్యామ్ చూసుకోండి. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పుల్ని డిస్కులోని డేటా ఫైళ్ళలోకి రాయడం) మరీ తరచుగా అవుతున్నాయని లాగ్‌లో హెచ్చరికలుంటే మ్యాక్స్ వాల్ సైజ్ (రెండు చెక్‌పాయింట్ల మధ్య మార్పుల చిట్టా ఎంత పెరగొచ్చో చెప్పే సెట్టింగు) కూడా పెంచాలి, అది మొదట 1 జీబీయే.

బొబ్బిలి_వీణ:
రిపోర్టు సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, రీస్టోర్ అయ్యాక ఎనలైజ్ (డేటా ఎలాగుందో లెక్కలు తీసే కమాండు) కొట్టావా? నీ 14 వెర్షన్ డంపులో డేటా వస్తాది గానీ ఆ లెక్కలు, అంటే స్టాటిస్టిక్స్ రావు, ఏ కాలమ్‌లో ఏ విలువలు ఎన్నున్నాయో ప్లానర్‌కి (డేటా ఏ దారిన వెతకాలో నిర్ణయించేది) తెలీదు, గుడ్డిగా ఊహించి తప్పుదారి పడతాది. వెనకాల తనంతట తనే నడిచే ఆటోవాక్యూమ్ ఆ ఎనలైజ్ ఎప్పుడో చేస్తాది, దానికోసం ఆగొద్దు. వాక్యూమ్ డీబీ అనే కమాండుకి ఎనలైజ్ ఇన్ స్టేజెస్ అని ఇచ్చి నడుపు. ఇంకో మాట, స్పీడు కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కు మీదకి చేరిందని ఖాయం చేసే సెట్టింగు) ఆపీమని ఎవరైనా చెప్తే అసలు సర్వర్ మీద మాత్రం వినకు, మధ్యలో కరెంటు పోతే మొత్తం డేటాబేసే పాడైపోవచ్చు, వానాకాలం మనూర్లలో కరెంటు ఎలాగుంటాదో నీకు తెలీదా.

పలాస_జీడిపిక్క:
అన్నా, ఎనలైజ్ కొట్టీసరికి రిపోర్టు మళ్ళీ రెండు సెకన్లకి వచ్చీసింది, ప్రాణం లేచొచ్చింది! రాజాం గారూ, డైరెక్టరీ ఫార్మాట్, 2 జాబులు, 1 జీబీ పెడితే 3 గంటల 40 నిమిషాల్లో అయిపోయింది, 4 జాబులు పెట్టి చూస్తే డిస్కు తట్టుకోలేక ఇంకా ఎక్కువ పట్టింది. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు, ఆ రోజు ఎస్‌ఎస్‌డీ వేసి మళ్ళీ ఎక్కించి ఎంత పట్టిందో ఇక్కడే రాస్తాను.