షెల్టర్ నుంచి ఆరేళ్ల స్లెడ్ కుక్క: ఇంటికి తెచ్చేముందు ఏం చూసుకోవాలి?

చలిమంట:
అలస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటాం. ఇక్కడి షెల్టర్‌లో ఆరేళ్ల ఆడకుక్క ఉంది. కాగితం మీద అలస్కన్ హస్కీ మిక్స్ అని రాశారు, బరువు 22 కిలోలు. ఇన్నాళ్లూ స్లెడ్ (మంచు మీద జారే బండి) లాగిందట, ఇంట్లో ఎప్పుడూ ఉండలేదట. మా పెరటికి నాలుగడుగుల కంచె ఉంది. ఇంట్లో ఏడేళ్ల బాబు, ఒక పిల్లి. షెల్టర్‌వాళ్లని ఏం అడగాలి? మొదటి వారం ఎలా చూసుకోవాలి?

నక్కతోక:
మిక్స్ అన్న మాటకి కంగారు పడకండి. అలస్కన్ హస్కీ అసలు నమోదైన జాతే కాదండీ. పరుగు, ఆకలి, పాదాల గట్టితనం చూసుకుంటూ తరాలుగా కలుపుతూ వచ్చిన పనికుక్క. కొన్నిటిలో పాయింటర్, గ్రేహౌండ్ లాంటి వేటకుక్కల రక్తం కూడా ఉంటుంది.

ముందు పిల్లి సంగతి తేల్చుకోండి. పిల్లి ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో షెల్టర్‌లోనే చూపించమనండి. చూపు తిప్పకుండా, ఒళ్లు బిగబట్టి, పిలిచినా చెవి కదపకుండా నిలబడితే ఈ కుక్క మీ ఇంటికి వద్దు. ఒకసారి చూసి, వాసన పట్టి, మీవైపు తిరిగితే ఆశ ఉంది. అయినా నెలల తరబడి మధ్యలో గేటు ఉండాల్సిందే.

తరవాత, ఎందుకు వదిలేశారో అడగండి: వయసా, భుజం దెబ్బా, తోటి కుక్కలతో కొట్లాటా? జట్టులో ఎక్కడ కట్టేవారో కూడా అడగండి. ముందు కట్టే లీడర్ అయితే 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి తిరుగుతుంది. 'ఆన్ బై' అంటే పట్టించుకోకుండా సాగిపొమ్మని. ఉడుత కనిపించినప్పుడు మీకు పనికొచ్చేది ఆ మాటే.

పెరటిగోడ:
నాలుగడుగుల కంచె చాలదు, ఆరడుగులు కావాలి. కంచె మొదట్లో ఇనప మెష్‌ని ఎల్ ఆకారంలో వంచి, లోపలివైపు రెండడుగులు నేలమీద పరిచి రాళ్లు పెట్టండి. కుక్క తవ్వేది కంచె మొదట్లోనే కాబట్టి గోళ్లకి మెష్ తగులుతుంది. చలికాలంలో కంచె పక్కన మంచు పేరుకుంటే ఆరడుగులు కాస్తా నాలుగవుతాయి. పార తీసి తోడుతూ ఉండాలి.

మామూలు కాలర్‌లోంచి వెనక్కి నడిచి తల లాగేసుకుంటాయి. లాగితే కాస్త బిగుసుకునే మార్టింగేల్ కాలర్ వెయ్యండి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్‌ని, కుక్కని తెచ్చిన రోజే మీ పేరు మీదికి మార్పించండి. కంచె లేనిచోట పట్టీ విప్పొద్దు, ఎంత మచ్చికైనా సరే.

గంజిగిన్నె:
ఇంటి లోపలి సంగతి. నున్నటి నేల, మెట్లు, అద్దం తలుపు, అన్నీ దానికి కొత్తే. నడిచే దారిలో జారని రగ్గులు పరవండి. పెద్దదైనా బయటికెళ్లడం కూనకి నేర్పినట్టే నేర్పాలి: రెండు గంటలకోసారి, తిన్నాక, నిద్ర లేచాక.

మాంసం కలిపిన నీళ్లు తాగి పెరిగిన కుక్క వట్టి నీళ్లు ముట్టకపోవచ్చు. కిబుల్‌లో (పొడి మేత గుళికల్లో) గోరువెచ్చటి నీళ్లు పోసి పెట్టండి. డొక్కలు చేతికి తగులుతున్నాయంటే బక్కచిక్కిందని కాదు, వాటి ఒళ్లే అంత. మన వంటల్లో ఉల్లి, వెల్లుల్లి, పాయసంలో ఎండుద్రాక్ష దానికి విషం. ఈ మాట బాబుకి మొదటిరోజే చెప్పండి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరికి వెళ్లొద్దని కూడా.

పదుల కుక్కల మధ్య బతికింది కాబట్టి ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుంది. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

చలిమంట:
పరుగు పూర్తిగా మాన్పించాలా?

నక్కతోక:
మాన్పించొద్దు, దిక్కుతోచక తలుపులు కొరుకుతుంది. డాక్టర్ సరే అన్నాక ఎక్స్-బ్యాక్ హార్నెస్ (వీపు మీద పట్టీలు ఎక్స్ ఆకారంలో ఉండే లాగుడు తొడుగు) వేసి, నడుం బెల్టుకి సాగే తాడు కట్టి లాగనివ్వండి. 15 డిగ్రీల సెల్సియస్ దాటితే లాగుడు వద్దు, వడదెబ్బ తగులుతుంది. మంచులో తిరిగొచ్చాక వేళ్ల మధ్య ఇరుక్కున్న మంచు గడ్డలు తీసెయ్యండి.

ఇంకోటి: స్లెడ్ కుక్కల్లో థైరాయిడ్ అంకె మామూలుగానే తక్కువ వస్తుంది. ఒక్క టీ4 (థైరాయిడ్ హార్మోన్ పరీక్ష) చూసి మాత్రలు మొదలుపెట్టకుండా, ఇది స్లెడ్ లాగిన కుక్క అని డాక్టర్‌కి ముందే చెప్పండి.