రెండు లక్షలు దాటిన స్విఫ్ట్: సస్పెన్షన్‌లో ముందు ఏది మార్చాలి?

టవర్‌క్లాక్‌సందు (అనంతపురం)

అన్నలకు నమస్తే. మాది 2011 డీజిల్ స్విఫ్ట్, రెండు లక్షల పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌కు ఢోకా లేదు, బాధంతా కిందనే. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు ఎడమ వైపు లొడలొడ. తాడిపత్రి రోడ్డులో బండల లారీల వెనక పోతుంటే చిన్న గుంత కూడా స్టీరింగ్ దాకా కొడుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే నాలుగు షాకులూ (షాక్ అబ్జార్బర్లు), చక్రాలను బండి కింది చట్రానికి కలిపే రెండు ఆర్ములూ మార్చాలి, ఇరవై ఎనిమిది వేలు అన్నాడు. బండి కిందికి తొంగి కూడా చూడలేదు, బానెట్ రెండుసార్లు నొక్కి చెప్పేశాడు. ఈ బండి మీద అంత పెట్టే ఉద్దేశం లేదు. పదివేల లోపల పని జరుగుతుందా?

కేసీకెనాల్ (కర్నూలు)

బానెట్ నొక్కి వదిలితే తెలిసేది ఒక్కటే, షాకు పూర్తిగా చచ్చిందా లేదా అని. ఒకసారి లేచి నిలబడితే పరవాలేదు, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టే. బుష్షులు (ఇనుప కీళ్ల మధ్య ఉండే రబ్బరు దిండ్లు), లింక్ రాడ్లు పోయినా నొక్కితే ఏమీ తెలియదు. ముందు పైసా ఖర్చు లేని పనులు చేయి. డిక్కీలో జాకీ, స్టెప్నీ బిగించి ఉన్నాయా చూడు. గాలి ఎక్కువైనా ప్రతి గుంతా కొడుతుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంతే కొట్టించు.

పానాపట్టినోడు (అనంతపురం)

ఇదే పని చేసి బతికేవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

నువ్వు చెప్పిన లొడలొడ తక్కువ స్పీడులో, చిన్న చిన్న ఎగుడు దిగుళ్లకు వస్తోందంటే మొదటి అనుమానం లింక్ రాడ్ల మీదే. మలుపుల్లో బండి వాలకుండా ఆపే యాంటీ రోల్ బార్‌ను స్ట్రట్‌కు (ముందు స్ప్రింగ్, షాకు కలిసి ఉండేది) కలిపే కడ్డీ అది, రెండు కొసలా చిన్న బాల్ జాయింట్లు ఉంటాయి. రబ్బరు బూటు చిరిగి లోపలికి దుమ్ము పోతే గ్రీజు ఎండిపోయి ఆడుతుంది. అన్నిటికన్నా చవకైన పార్టు, జత వేసినా వేల దాకా పోదు. అనుమానం తీరాలంటే రెండు లింక్ రాడ్లూ విప్పేసి వీధిలో మెల్లగా ఒక రౌండు తిప్పు. చప్పుడు పోయిందా, దొంగ దొరికాడు. అవి లేకుండా హైవే ఎక్కొద్దు, మలుపుల్లో బండి బాగా వాలుతుంది.

తర్వాత ముందు చక్రం జాకీ మీద లేపు. పైన, కింద పట్టుకుని ఊపితే ఆడితే బాల్ జాయింటో వీల్ బేరింగో. ఎవరినైనా బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపు, ఆట ఆగితే బేరింగు. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే జాయింట్. దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు, చక్రం చేయి దాటిపోతుంది. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే ఠంగ్‌మని స్ప్రింగ్ ఎగిరినట్టు వినిపిస్తే స్ట్రట్ మౌంట్ (స్ట్రట్‌ను పైన బాడీకి బిగించేది), దాని బేరింగు.

స్ట్రట్ మీద సన్నగా చెమ్మ ఉంటే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ కారి దుమ్ము ముద్దలా అంటుకుని ఉంటేనే మార్చు. మార్చేటప్పుడు ముందు రెండూ కలిపే. కుడికి కొత్తది, ఎడమకు పాతది వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగే ప్రమాదం ఉంది. స్విఫ్ట్‌లో వెనక స్ప్రింగ్, షాకు వేర్వేరుగా ఉంటాయి గనుక వెనక పని సులువు. ముందు స్ట్రట్ మాత్రం స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా పై నట్ విప్పేవాడి దగ్గర నిలబడొద్దు. ఎగిరిందంటే దవడ పగులుతుంది.

మన అనంతపురంలో ఉన్న సుఖం ఒకటే. వానలు లేవు, బోల్టులు తుప్పు పట్టవు, పానా పెడితే ఊడొస్తాయి. విశాఖ వైపు నుంచి వచ్చిన బండ్లకు బోల్టు కోయడానికే సగం రోజు పోతుంది.

కోవాఘాట్ (కడప)

మాది పాత డిజైర్. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ తొక్కితే ఒకే ఒక్క ధడ్. కోవా కొట్ల దగ్గర ఆపినా ధడ్. లోయర్ ఆర్మ్ వెనక బుష్షు తేలింది. రబ్బరు ఎండాకాలం చెరువు మట్టిలా నెర్రెలు బాసి, లోపలి ఇనుప గొట్టం విడిగా తిరుగుతోంది. ఆర్ము బాగుంది, బాల్ జాయింట్ గట్టిగా ఉంది, బుష్షులు మాత్రం కొత్తవి ప్రెస్ చేయించాం. సర్వీసింగ్‌లో కిందంతా డీజిల్ కొట్టి మెరిపిస్తారు చూడు, అది వద్దని చెప్పు. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

పానాపట్టినోడు (అనంతపురం)

కోవాఘాట్ అన్న మంచి మాట గుర్తు చేశాడు. ఆర్ము బుష్షు బోల్టులను బండి గాల్లో ఉండగా ఫుల్‌గా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. కొత్త బుష్షులు వేసిన కొన్నాళ్లకే మళ్లీ చప్పుడని వచ్చేవాళ్ల బండ్లలో చాలా వాటికి కారణం ఇదే. ఆ పని దగ్గర నిలబడి చూసుకో.

టవర్‌క్లాక్‌సందు (అనంతపురం)

షాకులకు ఆయిల్ పోసి రీకండిషన్ చేస్తామంటున్నారు, స్ప్రింగ్ మధ్యలో రబ్బరు బఫర్లు పెడితే బండి లేస్తుందంటున్నారు. ఇవి పనికొస్తాయా?

బురుజుకాడ (కర్నూలు)

నా ఆల్టోకు వెనక షాకులు రీకండిషన్ చేయించా. కొత్తవాటి ధరలో సగం కూడా కాలేదు, ఏడాది పైనే నడిచాయి. ఊరు దాటని బండికి అది చాలు. అందరూ దాన్ని తిట్టిపోస్తారు గానీ జేబు చూసుకోవాలి గదా.

పానాపట్టినోడు (అనంతపురం)

వెనకవాటికి ఏదో కాలం గడుస్తుందిలే అన్నా. ముందు స్ట్రట్లకు మాత్రం నేను చేయను. షాకు కడ్డీ మీద క్రోమ్ గీరుకుపోయి ఉంటే ఆయిల్ ఆపే కొత్త సీల్ కూడా నిలవదు, కంపెనీలో నింపిన గ్యాస్ షెడ్డులో తిరిగి నింపేవాడు తక్కువ. బఫర్లు పెడితే స్ప్రింగ్‌లో ఆ చుట్లు పని చేయవు, బండి బిగుసుకుంటుంది, చచ్చిన షాకు మీద ఇంకా భారం. ఆ డబ్బులు బుష్షులకు పెట్టు.

జేసీరోడ్డుబేరం (అనంతపురం)

పార్టులకు బెంగళూరు జె.సి. రోడ్డుకు పోయేపనుంటే లిస్టు రాసుకుని పో. ఒక్క లింక్ రాడ్ కోసమైతే బస్ చార్జీ దండగ, ఇక్కడే కొను. కంపెనీ పార్టే కావాలని లేదు. షాకులకు గాబ్రియేల్, స్టీరింగ్ జాయింట్లకు రాణే పేరున్నవే. డబ్బా మీద పేరు ఒకటి, పార్టు మీద గుద్దింది ఇంకొకటి ఉంటే తిరిగిచ్చేయి. ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లులో ఎంత వేశాడో చూసుకో.

టవర్‌క్లాక్‌సందు (అనంతపురం)

నిన్న విప్పి చూశాం. ఎడమ లింక్ రాడ్ చేత్తోనే లొడలొడ ఆడుతోంది, కుడిది కూడా బూటు చిరిగింది. ఎడమ ఆర్ము వెనక బుష్షు చీలిపోయింది. ముందు స్ట్రట్లకు చెమ్మ మాత్రమే. కుడి వెనక షాకు కారి తడిసిపోయింది. లింక్ రాడ్ల జత, రెండు పక్కలా బుష్షులు, వెనక షాకుల జత రాయించాను. లేబర్ కలిపినా పదివేలు దాటదంటున్నాడు. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఈ వారమే చేయించాలా, జీతం పడ్డాక చేయించొచ్చా?

కేసీకెనాల్ (కర్నూలు)

ఆర్ము ఊడదీశాక వాయిదా వద్దు. టైరు లోపలి అంచు అరిగితే అలైన్‌మెంట్‌కు పది రెట్లు టైరుకు పెట్టాలి. పోయే ముందు గాలి సరిచూసుకో, డిక్కీలో సామాన్లు దించు.