బాండు ధర నుంచి ఎగవేత సంభావ్యతను రాబట్టడం ఎలా?

ఏడాది తర్వాత 100 చెల్లించవలసిన, కూపన్ (మధ్యలో చెల్లించే వడ్డీ) లేని ఒక కంపెనీ బాండు ఇప్పుడు 92 పలుకుతోందనీ, నష్టభయం లేని వడ్డీ రేటు 5 శాతమనీ, ఎగవేత జరిగితే, అంటే కంపెనీ బాకీ పూర్తిగా తీర్చకపోతే, 40 మాత్రమే చేతికి వస్తుందనీ అనుకుని, 92ను 1.05తో గుణించగా వచ్చిన 96.6కు 100తో ఉన్న 3.4 లోటును, ఎగవేతలో పోయే 60తో భాగించి, సంభావ్యత సుమారు 5.7 శాతమని లెక్కగట్టాను. ఇంతవరకు చిక్కు లేదు.

ఏటా కూపన్ చెల్లించే ఐదేళ్ల బాండు విషయంలో మాత్రం, సంభావ్యత ఏటికేడు మారదని అనుకోవాలా, లేక అదే కంపెనీ తక్కువ గడువు బాండ్లతో మొదలుపెట్టి ఒక్కొక్క ఏడాదినీ తేల్చుకుంటూ పోవాలా? అంతకంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. మదుపరులు నష్టభయానికి కోరే అదనపు రాబడి, బాండు సులువుగా అమ్ముడుపోదన్న తగ్గింపు కూడా ధరలోనే కలిసి ఉంటాయి కనుక, ఈ అంకె వాస్తవ సంభావ్యతను మించే ఉంటుందని నా అభిప్రాయం. వాటిని విడదీసే ఆచరణయోగ్యమైన పద్ధతిని తెలిసినవారు దయచేసి వివరించగలరు.