లినక్స్ కెర్నల్ నుంచి డీసీసీపీని పీకేయడం సబబేనా?

పాతమోడెం:
2025 జూలైలో వచ్చిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) 6.16లో డీసీసీపీ కోడ్ మొత్తం తీసేశారు. తెలియనివాళ్ల కోసం: నెట్‌లో డేటా పంపడానికి ఎక్కువగా వాడే ప్రొటోకాల్స్ (పంపే పద్ధతులు) టీసీపీ, యూడీపీ. యూడీపీలా డేటా పంపేస్తూనే, దారి రద్దీగా ఉంటే టీసీపీలా వేగం తగ్గించుకునే ప్రొటోకాల్ ఇది. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపదు. వీడియో కాల్‌లో ఎప్పుడో తప్పిపోయిన మాట ఆలస్యంగా వచ్చి ఏం లాభం? 2005లో 2.6.14తో కెర్నల్‌లోకి వచ్చింది. నా ఎంటెక్ ప్రాజెక్టు దీని మీదే. యూజర్ల ప్రోగ్రాములు చెడగొట్టకూడదని లినక్స్ సృష్టికర్త లినస్ పదే పదే చెప్పే కెర్నల్‌లోనే ఇలా చేస్తే ఎలా?

సెగ్‌ఫాల్ట్ సుబ్బారావు:
అన్నా, దీనివల్ల ఆగిపోయిన ప్రోగ్రాము ఒక్కటి చెప్పు. నీ ప్రాజెక్టు కాకుండా 🙂

రూట్‌కాపలా:
2017 ఫిబ్రవరి గుర్తుందా? డీసీసీపీలో బయటపడిన భద్రతా లోపం, సీవీఈ-2017-6074. ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేసే తప్పు, దాంతో మామూలు యూజర్ రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అయిపోవచ్చు. సిజ్‌కాలర్ అనే ఫజర్‌తో (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి తప్పులు వెతికే టూల్) ఆండ్రీ కోనొవలోవ్ పట్టుకునేదాకా పదేళ్లకు పైగా అక్కడే ఉంది. 'నేను డీసీసీపీ వాడను కదా' అంటే కుదరదు. చాలా డిస్ట్రోల్లో (రెడీమేడ్ లినక్స్ రకాల్లో) ఎవరైనా ఆ రకం సాకెట్ (కనెక్షన్ కొస) అడిగితే చాలు, కెర్నల్ డీసీసీపీ మాడ్యూల్‌ని (విడిగా ఎక్కించే కోడ్ ముక్కని) తనే లోడ్ చేసేసేది. ఆ వారం మా ఆఫీసులో రెండు రాత్రులు సర్వర్లకు ప్యాచ్‌లు వేస్తూ కూర్చున్నాం. వాటిలో ఒక్కదాంట్లోనూ డీసీసీపీతో పని లేదు!

2010లో ఎకోనెట్‌తోనూ ఇదే కథ. ఏకార్న్ కంప్యూటర్ల కాలం నాటి ప్రొటోకాల్. అందులోని లోపాన్ని వాడుకుని రూట్ సంపాదించే ఎక్స్‌ప్లాయిట్ బయటికొచ్చింది. 2012లో దాన్నీ తీసేశారు.

పాతమోడెం:
మాడ్యూల్‌ని లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెడితే సరిపోయేది కదా. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

సెగ్‌ఫాల్ట్ సుబ్బారావు:
ఇల్లు కాదన్నా, గొడ్లు లేని కొట్టం. అదైనా విడిగా ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. టీసీపీతో ఉమ్మడి గోడ. కనెక్షన్లు చూసుకునే కోడ్, వాటిని వెతికే హాష్ టేబుళ్లు రెండింటికీ కలిపే ఉండేవి. టీసీపీలో అక్కడ చెయ్యి పెట్టాలంటే డీసీసీపీ ఏమవుతుందో కూడా చూసుకోవాలి. ప్రపంచమంతా వాడే టీసీపీకి ఎవరూ వాడనిది అడ్డం. పైగా సిజ్‌కాలర్‌ని ఆపకుండా నడిపే సిజ్‌బాట్ రిపోర్టులు పంపుతూనే ఉండేది, వాటికి జవాబు చెప్పే మెయింటెయినరే లేడు.

ప్యాకెట్ పిన్ని:
కాలేజీలో నెట్‌వర్క్స్ చెప్తాను కాబట్టి ఒక మాట. ఆ కోడ్ ఎప్పుడూ పూర్తి కాలేదు బాబూ. స్పెసిఫికేషన్‌లోని ఫీచర్లన్నీ ఇందులో లేవని కెర్నల్ డాక్యుమెంటేషన్లోనే రాసి ఉండేది. కానీ డీసీసీపీని చంపింది కెర్నల్ వాళ్లు కాదు, మన ఇళ్లలోని రూటర్లు. దీని ఐపీ ప్రొటోకాల్ నంబరు 33. నాట్ చేసే (ఒకే ఐపీ అడ్రస్‌ని ఇంట్లో అన్ని డివైస్‌లకీ పంచే) పెట్టెల్లో చాలావాటికి టీసీపీ 6, యూడీపీ 17 తప్ప పెద్దగా ఏమీ తెలియవు. 2012లో దీన్ని యూడీపీలో చుట్టి పంపే పద్ధతికి ఆర్‌ఎఫ్‌సీ 6773 అనే ప్రమాణ పత్రం వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. క్విక్ అనే కొత్త ప్రొటోకాల్ వాళ్లు ఆ గొడవ లేకుండా మొదటి నుంచీ యూడీపీ మీదే కట్టుకున్నారు. రద్దీ లెక్కలన్నీ యూజర్‌స్పేస్‌లోనే, అంటే కెర్నల్ బయట ప్రోగ్రాముల్లోనే.

పాతమోడెం:
మరి మల్టీపాత్ డీసీసీపీ మీద పనిచేస్తున్నవాళ్ల సంగతి? వైఫై, మొబైల్ డేటా రెండూ ఒకేసారి వాడే పని అది.

రూట్‌కాపలా:
వాళ్ల కోడ్ కెర్నల్ బయటే ఉండిపోయింది. 2025లో తీసేస్తామని 2023లోనే కెర్నల్ లాగ్‌లో వార్నింగ్ పెట్టారు. రెండేళ్లు టైమ్ ఇచ్చాక గెంటేశారనడం అన్యాయం.

పాతమోడెం:
టైమ్ ఇచ్చారని ఒప్పుకుంటా. మార్కులు తెచ్చుకుని నేనూ ఒక్క ప్యాచ్ పంపలేదులే. అయినా దానంతటదే లోడ్ అవకుండా ఆపి, అడిగినవాళ్లకి మాత్రం ఉంచొచ్చనే అంటాను. పిన్నిగారూ, ఇప్పుడు పిల్లలకి లాబ్‌లో చూపించాలంటే ఎలా?

ప్యాకెట్ పిన్ని:
6.12 ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఇచ్చే వెర్షన్) సోర్సులో ఉంది. ఐపీ_డీసీసీపీ ఆప్షన్ ఆన్ చేసి బిల్డ్ చెయ్యి. వర్చువల్ మెషీన్‌లో మాత్రమే, కాలేజీ సర్వర్ మీద వద్దు.